రెండు కుర్చీల వదిన

నాకు మనుషుల మీద ఓ పట్టాన గౌరవం కలగదు. ఎవరినైనా గొప్పవాడని పొగిడితే, ముందు ఆయన ఇంట్లోవాళ్ళని అడిగి రండి అనే రకం నేను. అలాంటి నాకు ఒక మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు కట్టుకుని నిలబడాలనిపిస్తుంది. ఆ మనిషి మా ఇంట్లోనే ఉంటుంది. మా అన్నయ్య భార్య. ఇంట్లోవాళ్ళని అడగాలనుకుంటే నన్నే అడగొచ్చు.

మేమిద్దరం ఒకే కంపెనీలో పనిచేస్తాం. టేబుల్ ఫ్యాన్లు తయారుచేసే చిన్న కంపెనీ. నేను గోడౌన్ చూసుకుంటాను, వదిన లెక్కలు చూస్తుంది. చిన్నదే అయినా దాని షేర్లు మార్కెట్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. అందుకని మూడు నెలలకోసారి ఎంత అమ్మామో, ఎంత మిగిలిందో లోకానికి చెప్పాలి. ఆ ప్రకటన చివర ఒక ముక్క ఉంటుంది: చెప్పవలసిన సంగతులన్నీ వాటిని ప్రకటించేవాళ్ళకి సరిగ్గా చేరేలా మా కంపెనీలో ఏర్పాట్లు సవ్యంగా ఉన్నాయి అని. ఆ ముక్కని మొదట ఎవరు రాశారో గానీ, ప్రతిసారీ పాతదాన్నే ఎత్తి రాసేవారు. కింద పెద్దాయన సంతకం. పెద్దాయనంటే కంపెనీ పెట్టిన మా చైర్మన్. ఆయనకి ఫ్యాను రెక్కల చప్పుడు వింటే ఎక్కడ లోపముందో తెలుస్తుంది. కాగితాలు మాత్రం చదివేవారు కాదు.

లెక్కల విభాగమంటే మా వదినే. ఒకప్పుడు ఇద్దరుండేవారు. ఒకరు రాయాలి, ఇంకొకరు సరిచూడాలి, అది పద్ధతి. సరిచూసే ఆయన రిటైరయ్యాక కొత్తవాళ్ళని పెట్టేదాకా కాస్త నువ్వే చూడమ్మా అన్నారు పెద్దాయన. ఆ "కాస్త" ఏళ్ళ తరబడి సాగింది.

వదిన దానికి ఒక ఉపాయం చేసుకుంది. ఆ గదిలో బల్లకి అటూ ఇటూ రెండు కుర్చీలుంటాయి. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రాసేది. రాయడం అయ్యాక లేచి బయటికెళ్ళి, మొహం కడుక్కుని, వరండాలో నాలుగడుగులు నడిచి, తిరిగొచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చునేది. ఇక అక్కడినుంచి ఆవిడ వేరే మనిషి. కిటికీ పక్క మనిషి రాసినదాన్ని పక్కింటావిడలా తప్పు పట్టేది. ఓసారి ఏదో పనిమీద వెళ్ళి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "నిన్ననేగా చెప్పాను, మళ్ళీ అదే పనా, నీకు చెవులున్నాయా లేవా?" అని ఖాళీ కుర్చీని కేకలేస్తోంది. ఆఫీసంతా ఆవిడకి రెండు కుర్చీల మేడమ్ అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్ళు. నేనూ వాళ్ళతో పాటు పళ్ళికిలించేవాణ్ణి. కానీ చిన్న తేడాకి, ఎవరూ అడగకపోయినా, రోజంతా చేసిన పని మళ్ళీ మొదటినుంచీ చేసుకోవడం చూశాక నా నవ్వు తగ్గింది. తనని తాను వదిలిపెట్టని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆవిడ ఆ గదిలోకి ఊరికే రాలేదు. పెళ్ళయిన కొత్తలో టైపు చేసే పనికి చేరింది. మా అన్నయ్య స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. బంగారంలాంటి మనిషే, కానీ జీతం మాత్రం ఆయన గీసే పెన్సిలు గీతలా సన్నగా ఉండేది. వదిన ఉయ్యాల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, పాపని ఊపుతూ, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని అకౌంట్స్ పరీక్షలకి చదివింది. తప్పింది. మళ్ళీ చదివింది, మళ్ళీ తప్పింది. పాప ఉయ్యాల దిగి నడవడం నేర్చాక ప్యాసయింది. ఆ చదువుకి తగిన పదవి మాత్రం ఏళ్ళ తరబడి రాలేదు. చివరికి ఓ రోజు పెద్దాయన పిలిచి, వచ్చే వాటాదారుల సమావేశంలో నిన్ను ఫైనాన్స్ హెడ్‌ని చేస్తున్నానమ్మా అని మాటిచ్చారు. ఇంట్లో ఆ సంబరం ఇంతా అంతా కాదు. అన్నయ్య అయితే తలుపు మీద పెట్టే పేరు ఏ అక్షరాల్లో ఉంటే బాగుంటుందో నాలుగైదు రకాలుగా గీసి చూపించాడు. వదిన పైకి విసుక్కుంది గానీ, ఒకటి ఎంచుకుంది.

ఆ మూడు నెలల ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంతకుముందెన్నడూ అన్ని ఫ్యాన్లు అమ్మలేదని లోకానికి చెప్పాం. పెద్దాయన స్వీట్లు పంచారు.

తరవాత ఓ రోజు భోజనాల దగ్గర నేను నా గోడు వెళ్ళబోసుకుంటున్నాను. వెనక షెడ్డు నిండిపోయి కాలు పెట్టే సందు లేదని, ఎక్కడ తోసినా ఫ్యాను డబ్బాలేనని.

"అమ్ముడుపోయాయిగా, షెడ్లో ఏవి?" అంది వదిన.

"తిరిగొచ్చాయి వదినా. డీలర్లు పంపించేశారు."

"ఎందుకు పంపించారు? బాగాలేవా?"

"బాగానే ఉన్నాయి. అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటామని మన తేనెసీసా మాటిచ్చాడు కదా వాళ్ళకి." తేనెసీసా అంటే మా సేల్స్ మేనేజరు. ఆయన మాట్లాడితే రాయికి కూడా ఫ్యాను కావాలనిపిస్తుంది.

వదిన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ మాటిచ్చినట్టు ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ తెలుసు. లోడింగ్ వాళ్ళకి తెలుసు, డ్రైవర్లకి తెలుసు, గేటు దగ్గర వాచ్‌మన్‌కి తెలుసు."

"నాకు?"

"నీకెవరు చెప్తారు వదినా? నీదేమో లెక్కల గది. ఆ కబుర్లన్నీ టీ బడ్డీ దగ్గరివి."

వదిన లేచి చెయ్యి కడిగేసుకుంది. సంగతేమిటో అన్నయ్యకీ నాకూ ఆవిడే విడమరిచి చెప్పింది. వెనక్కి తీసుకుంటామని మాటిచ్చి పంపిన ఫ్యాను అమ్ముడైనట్టు కాదట. చుట్టాలింటికి వెళ్ళిన పిల్ల లాంటిదట, ఏ రోజైనా తిరిగి మన ఇంటికే రావచ్చు. ఆవిడ వాటన్నిటినీ అమ్మకం కింద రాసింది. కంపెనీ కూడా వాటిని అమ్మకమనే లోకానికి చెప్పింది.

"బిల్లులన్నీ సరిగానే ఉన్నాయి. రాశాను, లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి సరిచూశాను. ఏ తప్పూ కనపడలేదు." మళ్ళీ తనే అంది. "రెండు కుర్చీల్లోనూ కూర్చుంది నేనే కదా. ఈ కుర్చీకి తెలియంది ఆ కుర్చీకి మాత్రం ఎలా తెలుస్తుంది?"

ఇన్నేళ్ళూ మేమంతా నవ్విన ఆ ఉపాయాన్ని ఆవిడ ఒక్క మాటతో తీసి పక్కన పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే నాతో షెడ్డుకి వచ్చి కళ్ళారా చూసుకుంది. తేనెసీసాని పిలిపించింది. ఆయన ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చాడు. "దీనికి ఇంత కంగారెందుకు మేడమ్, ప్రతి ఏడూ ఒకటీ అరా వస్తూనే ఉంటాయి. ఈసారి వానలు ముందొచ్చాయి, అంతే" అన్నాడు. దాచాలని దాచలేదు పాపం. చెప్పాలని ఆయనకి తోచనే లేదు. అడిగే దారి మా కంపెనీలో ఎవరూ వెయ్యలేదు.

పెద్దాయన గదికి వదిన నన్ను కూడా రమ్మంది, షెడ్డులో ఉన్న సరుకు వివరం చెప్పడానికి. ఆయన అంతా విన్నారు.

"ఎండలు రానీ, అన్నీ అమ్ముడుపోతాయి. వచ్చే లెక్కలో సర్దేద్దాం."

"సర్దడం కుదరదు సార్. మొన్న చెప్పింది తప్పని చెప్పాలి. చివర ఆ ముక్క కూడా మార్చాలి."

"ఏ ముక్క?"

"మన ఏర్పాట్లు సవ్యంగా ఉన్నాయన్న ముక్క. లేవు కదా."

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. కోపం రాలేదు ఆయనకి. దానికంటే కష్టమైనదేదో వచ్చింది. "చూడమ్మా, ఫ్యాన్లు తిరిగొచ్చాయని చెప్దాం, సరే. ఏర్పాట్లు బాగాలేవంటే మాత్రం ఎక్కడ బాగాలేవని అడుగుతారు. అడిగితే నీ గదే చూపించాలి. బయటినుంచి పెద్ద మనిషిని తెచ్చి పెట్టమంటారు. అప్పుడు నీకిస్తానన్న పోస్టు నేనివ్వలేను. నా చేతుల్లో ఉండదు."

"తెలుసు సార్."

"నువ్వు ఒక్క రూపాయి ముట్టుకున్నావా?"

"లేదు సార్."

"మరింకేమిటి?"

"లేదని చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు సార్. అదే జబ్బు."

పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత, "రాసి తీసుకురా. ఈసారి చదివి సంతకం పెడతాను" అన్నారు.

ఇంటికొచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ కష్టం చేజేతులా పారబోస్తావా, ఎవరు మెచ్చుకోవాలని అని అరిచాను. అన్నయ్య నన్ను ఊరుకోమన్నాడు. వదిన వంటింట్లో పంపు తిప్పి గిన్నెలు కడుగుతోంది. కడిగిందే కడుగుతోందని కాసేపటికి అర్థమైంది. వెళ్ళి చూస్తే కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు ఆ పోస్టు అక్కర్లేదనుకుంటున్నారా మరిదిగారూ?" అంది. నామీద కోపమొస్తేనే ఆవిడ నన్ను గారూ అంటుంది. "కావాలి. చాలా కావాలి. నిన్నటిదాకా పొద్దున లేస్తే అదే ఆలోచన."

"అయితే ఎందుకు?"

"ఈ సంగతి దాచిపెట్టి ఆ గదిలో కూర్చుంటే, రేపు నేను ఏది రాసినా నేనే నమ్మలేను."

నేనైతే దాచేవాణ్ణి. దాచి, హాయిగా నిద్రపోయేవాణ్ణి కూడా.

సమావేశం ఒక అద్దె హాల్లో జరిగింది. షేర్లు కొన్నవాళ్ళు వచ్చారు. ఎక్కువమంది పెద్దవాళ్ళే, టీ కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. పెద్దాయన తానే చదువుతానన్నారు గానీ వదిన ఒప్పుకోలేదు. నిలబడి చదివింది. తిరిగొచ్చిన ఫ్యాన్ల సంగతి, తగ్గిన లాభం సంగతి చెప్పింది. తరవాత ఆ చివరి ముక్క:

"మా కంపెనీలో లెక్క రాసేదీ, సరిచూసేదీ ఒకే మనిషి. అమ్మకాలవాళ్ళకి తెలిసిన విషయం ఆ మనిషికి చేరే దారి లేదు. కనక మా ఏర్పాట్లు సవ్యంగా లేవు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యానని, కూడబెట్టుకున్నది ఈ ఫ్యాన్లలో పెట్టానని చెప్పుకుంది. "ఆ ఒక్క మనిషి ఎవరమ్మా?" అని అడిగింది.

లెక్కల విభాగం అంటే సరిపోయేది. అందరూ అలాగే అంటారు. విభాగానికి మొహం ఉండదు కదా.

"నేనేనండి" అంది వదిన.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తేనెసీసా తల దించుకున్నాడు. ఆయన తల దించడం నేను చూడటం అదే మొదలు. పెద్దావిడ ఇంకా కూర్చోలేదు. "నిన్ను తీసేస్తారా మరి?" అంది. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"తెలీదండి. నామీద ఒకరిని పెట్టి, నేను రాసింది వాళ్ళు సరిచూసేలా చెయ్యమని మాత్రం రాశాను. తరవాతి పేజీలో ఉంది."

కష్టపడి చదివి, ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన మెట్టు మీద ఇంకెవరినో కూర్చోబెట్టమని తన చేత్తోనే రాసింది. రాసి, అందరి ముందూ చదువుతోంది.

షేరు ధర పడింది, తరవాత మెల్లగా కోలుకుంది. సేల్స్ వాళ్ళు డీలర్లకి ఏ మాటిచ్చినా ఆ వారంలోనే లెక్కల గదికి వచ్చి చెప్పాలని పెద్దాయన కట్టడి పెట్టారు. పదవి బయటినుంచి వచ్చిన ఒకాయనకి వెళ్ళింది. తక్కువ మాట్లాడే మనిషి, ఏదిచ్చినా రెండుసార్లు చదువుతాడు. వదిన రాసినవన్నీ పట్టుకుని రోజూ ఆయన గదికి వెళ్ళి, నిలబడి, ఆయన చూసేదాకా ఆగేది. అది చూడలేక నేను ఆ గది వైపు వెళ్ళడమే మానేశాను.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మేం భోజనానికి కూర్చున్నాక వదిన వచ్చింది. వస్తూనే, "ఇవాళ ఆయన నా తప్పు ఒకటి పట్టుకున్నాడు" అంది.

అన్నయ్య కంగారుపడ్డాడు. "ఏం తప్పు? ఏమన్నాడు?"

"చిన్నదేలెండి. కానీ ఎన్నేళ్ళుగానో చేస్తున్నాను, నాకు తెలీనే లేదు. సరిచెయ్యమన్నాడు, చేశాను." కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. మొహం కడిగిన పలకలా తేటగా ఉంది. "రేపు నేను ఆఫీసుకి వెళ్ళడం లేదు. సెలవు పెట్టాను."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. మీతో కలిసి అలా ఎక్కడికైనా వెళ్దామని. ఆయనున్నాడుగా, చూసుకుంటాడు."

నా ఎరుకలో వదిన సెలవు పెట్టడం అదే మొదటిసారి. పాపకి జ్వరమొచ్చినా, తనకి జ్వరమొచ్చినా వెళ్ళేది, ఇంకెవరున్నారని. ఆ మాట వినగానే నేను తింటున్నవాణ్ణి తింటున్నట్టే లేచి నిలబడ్డాను. ఏమిట్రా, ఏం కావాలి అన్నాడు అన్నయ్య. ఏమీ అక్కర్లేదన్నాను. కూర్చోబుద్ధి కాలేదు.