ఎండలో పెట్టిన సీసా

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా చిన్నమ్మకు బదులు నేనొక సీసా నింపి ఇచ్చాను. ఆ పని ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మాది పుంగనూరు దగ్గర పల్లె. చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు, పెళ్లి కావలసిన పిల్ల. నెలకోసారి కడుపు పట్టుకుని మెలికలు తిరిగేది. కాళ్లు పట్టు తప్పేవి, ఏవేవో మాట్లాడేది. గాలి సోకిందని కొందరన్నారు, పని ఎగ్గొట్టడానికి వేషాలని కొందరన్నారు. వేషాలన్నవాళ్లలో మా అవ్వా ఉంది, నేనూ ఉన్నాను. చివరికి పుంగనూరు డాక్టరు, పొద్దున్నే మూత్రం పట్టి మదనపల్లెలో పరీక్ష చేయించుకు రమ్మన్నాడు.

చిన్నమ్మ లేవలేదు కాబట్టి అవ్వా నేనూ బస్సెక్కాం. ల్యాబు బయట బెంచీ మీద, సీసా పక్కన పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నాం. పొద్దున పచ్చగా ఉన్నది చూస్తుండగానే ఎర్రబడింది. అవ్వ ముఖం మాడిపోయింది. ముట్టు కలిసిందనుకుంది పాపం. పెళ్లి కావలసిన పిల్లది అలాంటిది ల్యాబులో ఉన్న మగవాడి చేతికి ఎలా ఇస్తామని, నన్ను గోడ వెనక్కి తీసుకెళ్లి, అది పారబోసి, సీసా కడిగి నా చేతికిచ్చింది.

ఏ దోషమూ లేదని రిపోర్టు వచ్చింది. నరాల బలహీనత అని డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. అవి మింగిన వారానికే చిన్నమ్మకు చేతులూ కాళ్లూ పడిపోయాయి.

జీపులో మదనపల్లె ఆసుపత్రికి చేర్చాం. ఆ ల్యాబాయనే మంచం దగ్గరికి వచ్చి మూత్రం పట్టించుకున్నాడు. ఒక సీసాకు నల్లకాగితం చుట్టి, ఇంకొకటి కిటికీలో ఎండకు పెట్టాడు. సాయంత్రానికి ఎండలోది ఎర్రబడింది, కాగితంలోది అలాగే ఉంది. పోయినసారి ఏమీ లేదని తానే రాశానే అని అవ్వను అడిగాడు.

"అది నాది సార్. చిన్నమ్మది ఎర్రబడితే మైలని పారబోశాం," అన్నాను.

కొడతాడనుకున్నాను. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గాజు గొట్టంలో చిన్నమ్మ మూత్రం పోసి మందు చుక్కలు వేశాడు. అది కుంకుమలా ఎర్రగా మారింది.

"ఇది మైల కాదమ్మా. కడుపునొప్పి, కాళ్లు, ఆ పిచ్చిమాటలు, అన్నీ ఒకటే జబ్బు. శానా అరుదుగా వస్తాది. ఎరుపైతే యాల పారబోసినారు? నాకు కావాల్సింది అదే కదా."

ఈ జబ్బుకు నిద్రమాత్రలు విషమట. వెంటనే ఆపించారు. ఆయన ఆ గొట్టాన్ని చిన్నమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్లి, నీది నిజమైన జబ్బేనని ఆమెకే చూపించి చెప్పాడు. అలా ఆమెతో నేరుగా చెప్పిన మనిషి అంతవరకు ఒక్కరూ లేరు. చిన్నమ్మ చాలాసేపు దాన్నే చూసి, తర్వాత అవ్వ వైపు తిరిగింది.

"నేను వేషాలేయలేదని ఇప్పుడన్నా నమ్ముతావా అమ్మా?"

అప్పటికే ఊపిరి అందడం లేదు. మూడోరోజు పొద్దున పోయింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఇంట్లో ఎవరు నొప్పి అన్నా వేషమనను. పరీక్షకు ఇచ్చేది ఎలా ఉన్నా కడగను, దాచను. నా రిపోర్టులో ఏ దోషమూ లేదని వస్తే అందరూ సంతోషిస్తారు. నాకు మాత్రం ఆ మొదటి కాగితం గుర్తొస్తుంది. దాని మీద పేరు చిన్నమ్మది, ఆరోగ్యం నాది.