గౌరయ్య చూసిన చెయ్యి

దేవరయాంజాల్ గౌరయ్య కెమెరా వెనక నిలబడితే సూర్యుడు ఆయన్ని అడిగే మబ్బులోకి పోయేవాడు. నమ్మనివాళ్లు మనవరాలు అశ్రితను అడగొచ్చు. ఇంతకంటే పెద్దవే చెబుతుంది.

గౌరయ్య మొదట షూటింగుల్లో కెమెరా పెట్టెలు మోశాడు. తర్వాత నల్లసంచిలో చేతులు దూర్చి, చూడకుండానే ఫిల్ము ఎక్కించడం నేర్చుకున్నాడు. కొన్నాళ్లు ఫోకస్ తిప్పాడు. చివరికి కెమెరాకు కన్ను ఆనించే పనే దొరికింది. ఆ అలవాటుతో ఎవరిని చూసినా ఒక కన్ను మూసేవాడు. పెళ్లిచూపుల్లో కన్ను కొట్టాడని ఆయన భార్య పోయేదాకా దెప్పుతూనే ఉంది.

ఒకసారి శామీర్‌పేట చెరువు దగ్గర ఫైటు తీశారు. హీరోకు బదులు గట్టు మీది నుంచి దూకింది వీరేందర్, గౌరయ్యతో ఒకే గిన్నెలో తిన్న స్నేహితుడు. వీరేందర్ మునిగాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. "కట్" అనేదాకా కన్ను తీయకూడదు. తీస్తే కన్ను ఆనించే సందులోంచి వెలుతురు దూరి ఫిల్ము పాడవుతుంది. గౌరయ్య తీయలేదు. కట్ అన్నాక అందరూ చప్పట్లు కొట్టారు. వీరేందర్ పైకి రాలేదు.

తనవైపు చెయ్యి లేపి పిలిచాడని గౌరయ్య అన్నాడు. ఫిల్ములో చెయ్యే లేదని చూసినవాళ్లంతా అన్నారు.

సినిమాలు వదిలేసి మేడ్చల్‌లో పెళ్లి వీడియోలకు దిగాడు. చెయ్యి అక్కడికీ వచ్చింది. అక్షింతలు వేయడానికి జనం చేతులు లేపగానే వాటి మధ్య తడిచెయ్యి ఒకటి కనిపించేది. గౌరయ్య కెమెరా ఆపేసేవాడు. దుర్గాబాయి అనే పెళ్లికూతురి తల్లి క్యాసెట్టు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఏందే గౌరన్నా, అచ్చింతలు వడుడే లేదు! నా బిడ్డ పెండ్లి అయినట్టా, కానట్టా?"

"అయింది చెల్లే. నేను అన్నం గూడ తిన్న గద."

అలా పెళ్లిళ్లూ పోయాయి. కొంపల్లి విల్లాల్లో సీసీ కెమెరాల తెరలు చూసే పనికి కుదిరాడు. ఒక మధ్యాహ్నం తెర మీద స్విమ్మింగ్ పూల్‌ను చూస్తూ చూస్తూ లేచి, పరుగెత్తి, బట్టలతోనే అందులో దూకాడు. మేనేజరు ఫణిభూషణ్ గట్టున నిలబడి తల పట్టుకున్నాడు.

"పెద్దాయనా, పూల్లో ఎవరూ లేరు కదండీ!"

"సెయ్యి లేపిండు సారూ."

"ఎవరండీ?"

గౌరయ్యకు ఆ పనీ పోయింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. బకెట్‌లో నీళ్లు నిండుతున్నా అటే చూస్తూ కూర్చుంటాడు.

తాత కథ రాద్దామని కూర్చున్న అశ్రితకు ఆ సినిమా ఫోన్‌లో దొరికింది. దూకిన చోట ఆపి, ఒక్కో బొమ్మా జరిపి చూసింది. నీళ్లు, నురగ, వీరేందర్ నెత్తి. చెయ్యి లేదు. సంబరంగా తెచ్చి తాత ముందు పెట్టింది.

"సూడు తాతా! వీరేందర్ తాత నిన్ను పిలువనే లేదు. ఇన్నేండ్ల సంది ఊకెనే పరేషాన్ అయినవ్. ఇగ జర నిమ్మళంగ ఉండు."

గౌరయ్య ఒక కన్ను మూసి ఫోన్‌లోకి చూశాడు.

"గా కెమెరాల అద్దం తిరుగుతుంటది బిడ్డా. ఫిల్ము జూసేటప్పుడు నా కంటికి చీకటి. బొమ్మకు బొమ్మకు నడుమ నేను జూసేటప్పుడు ఫిల్ముకు చీకటి."

"అయితే? గా సందుల సెయ్యి లేపి దించిండా? గంత జల్దీనా! నీ మాయలు నాకు జెప్పకు. లేపలేదనే రాస్త."

గౌరయ్య ఫోన్‌ను బోర్లా తిప్పి ఆమెవైపు నెట్టాడు.

"నువ్వు జూసింది ఫిల్ము. నేను జూసింది వీరేందర్ను. పో, ఏమన్న రాస్కో."