పన్నెండు మంది సైనికులు, ఒక కొప్పెర

ఆ రోజుల్లో ధర్మవరంలో మా వీధిలో పుట్టినవాడికి రంగు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదని అనుకునేవాళ్లం. నడక రాకముందే లడీల మధ్య, అంటే పట్టు పోగుల చుట్టల మధ్య పాకుతాం, మాటలు సరిగా రాకముందే చిలకపచ్చకూ అరిటాకు పచ్చకూ తేడా చెబుతాం, ఇక మనకు తెలియనిది ఏముంటుంది అని. ఇరవై రెండేళ్ల వయసులో నాకు ఈ నమ్మకం మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువగానే ఉండేది. ఇప్పుడు నాకు నలభై నాలుగు. ఆ నమ్మకం వల్ల మా పెదనాయనకు వీధిలో ఒక పేరు వచ్చింది. నిజానికి ఆ పేరు నాకు రావలసింది. ఇన్నేళ్లూ ఆయన మోశాడు. ఈ సంగతి మైకు పట్టుకుని నలుగురిలో చెప్పవలసింది. ఆ ధైర్యం లేక కాగితం మీద చెబుతున్నాను.

మా పెదనాయన పట్టుకు రంగులు వేసే మేస్త్రీ. పచ్చి పట్టుకు ఒంటినిండా జిగురు ఉంటుంది. సబ్బూ సోడా కలిపిన నీళ్లలో ఉడకబెట్టి ఆ జిగురు పోగొట్టాకే దానికి రంగు పడుతుంది. ఆ ఉడకబెట్టే పెద్ద రాగి పాత్రను మేము కొప్పెర అంటాం. నీళ్ల కాక ఎంతుందో ఆయన వేలు ముంచి చెప్పేవాడు. (ఆ వేళ్లకు ఉన్నది చర్మమో చెప్పుల తోలో నాకు ఇప్పటికీ తేలలేదు.) లడీలు ఎన్ని ఉన్నా సరే, ముందు ఒక్క పోగు తుంచి నీళ్లలో వేసి, ఎండలోకి తెచ్చి, కళ్లు చిట్లించి చూసి, ఆ తర్వాతే మిగతావి దించేవాడు. "ఒక పోగేసి సూసినావా?" అన్న మాట ఆయన నోట రోజుకు పదిసార్లు వచ్చేది. పులుసులో ఉప్పు వేస్తున్న మా పెద్దమ్మను కూడా అదే అడిగి తిట్లు తినేవాడు. నేను డిగ్రీ సగంలో ఆపేసి, చీరల అంచులకు గ్రాఫు కాగితం మీద నమూనాలు గీస్తూ, మిగిలిన పొద్దంతా ఆయన షెడ్డులో సాయం చేసేవాడిని. గడి గడికీ రంగు నింపే పనిలో నాకు కొంచెం పేరు రాసాగింది. పేరు కంటే ముందు పొగరు వచ్చింది.

ఒకరోజు బెంగుళూరు నుంచి ఒక చీరల వ్యాపారి, తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్ద కళ్లజోడు పెట్టుకున్న మనిషి ఆ కొడుకు. (అతన్ని ఇక్కడ కళ్లజోడనే అంటాను.) తండ్రి చీరలు చూస్తుంటే అతను నా గ్రాఫు బల్ల పక్కన కూర్చుని చాలాసేపు నా చేతినే చూశాడు. తర్వాత సంచిలోంచి ఒక డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల దూదిలో పన్నెండు ప్లాస్టిక్ సైనికులు, ఒక్కొక్కడు బొటనవేలంత. ఈటెలు, కత్తులు, ఒకడికి గుర్రం.

"మా ఇంట్లో చిన్నపిల్లోళ్లు ఎవురూ లేరప్పా," అన్నాను.

"పిల్లలకు కాదన్నా. ఇవి మేము ఆడేవి."

"నీకెన్నేండ్లు?"

"ఇరవై నాలుగు."

ఇంకేమీ అడగలేదు. ఎవరింట్లో ఏ కష్టం ఉంటుందో మనకేం తెలుసు అనుకున్నాను. అతనే చెప్పుకొచ్చాడు. బల్ల మీద అట్టముక్కలతో కొండలూ కోటలూ పేర్చి, పాచికలు వేసి, స్కేలుతో అంగుళాలు కొలుచుకుంటూ సైనికుల్ని నడిపించే యుద్ధమట. ఈ బొమ్మల్ని ఫ్యాక్టరీలోనే రంగులు వేసి అమ్ముతారట. ఆ వేసినవాడెవడో భోజనానికి తొందరపడ్డట్టుంది. ఒకడి కన్ను చెంప మీదికి జారింది, ఇంకొకడి మీసం ముక్కు మీద మొలిచింది. వచ్చే నెల బెంగుళూరులో ఆడేవాళ్లంతా కలుస్తారు, ఎవరి సైన్యం రంగు బాగుందో చూస్తారు, అతనికి ఒకసారైనా గెలవాలని ఉంది. "ఈ రంగు మొత్తం తీసేసి, మీరు గ్రాఫులో వేసినట్ల సన్నగా వేసిస్తారా అన్నా? తీయడం నాకు చేతకాలే."

"మూడు దినాలు సాలప్పా," అన్నాను. "రంగు తీయడం మా ఈదిలో పుట్టినోనికి ఒకరు చెప్పాల్నా?"

వాళ్లు వెళ్లాక పెదనాయన వచ్చి, గుర్రపువాడిని చేతిలోకి తీసుకుని గోటితో నొక్కి, వాసన చూసి, నా చేతిలో పెట్టాడు. "ఇది పట్టు కాదురా అబ్బీ. ఏందో రబ్బరు మాదిరుండాది. ముందు ఒకదాన్నేసి సూడు."

"సరేలే పెదనాయనా," అన్నాను. ఆ వయసులో ఆ మాటకు అర్థం, వినలేదని.

ఆ ఏడాది వాన లేదు. షెడ్డుకు నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. లడీలు తీశాక కొప్పెరలో మిగిలిన వేడి సబ్బునీళ్లను ఊరికే పారబోయడం మా ఇళ్లలో పాపం కిందే లెక్క. మర్నాడు మధ్యాహ్నం పెదనాయన అన్నానికి ఇంటికి వెళ్లగానే నేను ఆ నీళ్లను చూశాను, డబ్బాను చూశాను. ఒక్కొక్కడినీ విడిగా ఉడికించాలంటే ఎన్ని కట్టెలు, ఎన్ని నీళ్లు! పన్నెండు మందినీ పలుచటి గుడ్డలో మూటగట్టి, కర్రకు కట్టి, లడీని దించినట్టే దించాను. రెండు కట్టెలు ఎగదోశాను. మధ్యమధ్య కర్రను తిప్పాను కూడా, రంగు అన్ని వైపులా సమానంగా వదలాలి కదా.

అరగంట తర్వాత మూట విప్పితే, రంగు చుక్క కూడా పోలేదు. చెంప మీది కన్ను చెంప మీదే ఉంది. సబ్బు పట్టినందుకు ఇంకా నిగనిగలాడుతోంది. మారినవి బొమ్మలే. ఈటెలన్నీ ఉడికిన మునక్కాయల్లా వాలిపోయాయి. కత్తి ఎత్తినవాడు దండం పెడుతున్నాడు. గుర్రం ముందుకాళ్లు మడిచి, దొడ్లో నెమరు వేసే ఎద్దులా కూర్చుంది. సైన్యం మొత్తం యుద్ధం లేకుండానే లొంగిపోయింది. ఇక్కడ ఆగినా బాగుండేది. పక్క వీధిలో బోర్డులు రాసే అతని దగ్గర థిన్నరు తెచ్చి, సైన్యాధిపతి ముఖానికి గుడ్డతో రుద్దాను. రంగు వచ్చింది. దానితోపాటు ముక్కూ నోరూ కూడా వచ్చాయి.

కళ్లజోడూ అతని తండ్రీ దగ్గర్లోని బత్తలపల్లిలో చుట్టాల పెళ్లి ముగించుకుని, చెప్పినదానికి ఒక రోజు ముందే వచ్చేశారు. నేను బొమ్మల్ని దాచే లోపలే అతను షెడ్డులోకి వచ్చి గుడ్డ మడత తీశాడు. అతని ముఖం చూడలేకపోయాను. అతను అరవలేదు. ముఖం కరిగిన సైన్యాధిపతిని అరచేతిలో పెట్టుకుని, "ఎవరు చేసిందన్నా ఇది?" అని మెల్లగా అడిగాడు.

నేను కొప్పెర వైపు చూశాను. "మా పెదనాయన. నేను వద్దంటాంటే ఉడకబెట్టేసినాడు."

అనేశాక చూశాను. కొప్పెర వెనక పెదనాయన లడీ పిండుతూ నిలబడి ఉన్నాడు. పిండుతున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే ఇప్పుడు ఇది రాసే పని ఉండేది కాదు. తర్వాత చేతులు తుడుచుకుని ముందుకు వచ్చాడు.

"అవునప్పా," అన్నాడు. "వయసయిపాయ. పట్టేదో బొమ్మేదో తెలీకుండా పాయ. ఇట్లియ్యి."

గుర్రపువాడిని తీసుకుని రెండు వేళ్లతో పట్టి మరుగుతున్న నీళ్లలో ముంచాడు. కాళ్లను మెల్లగా సాగదీసి, వెంటనే పక్కనున్న కుండలోని చన్నీళ్లలో పెట్టాడు. గుర్రం లేచి నిలబడింది. ఈటెవాడు, కత్తివాడు, ఒకరి తర్వాత ఒకరు. పదకొండు మందినీ అలాగే లేపాడు. సైన్యాధిపతి దగ్గరికి వచ్చేసరికి వేలితో ముఖం తడిమి పక్కన పెట్టేశాడు. కళ్లజోడు పదకొండు మందినీ పాత రంగులతోనే పట్టుకెళ్లాడు, ఆ ఒక్కడినీ వదిలేశాడు. వెళుతూ వెళుతూ అతని తండ్రి షెడ్డు బయట నిలబడి నవ్వాడు, "ఏమప్పా మేస్త్రీ, మా వాని బొమ్మలకు కూడా జిగురు తీస్తివా!" అని.

ఆ నవ్వు వీధంతా పాకింది. ఆనాటి నుంచి ఆయన పేరు 'బొమ్మల మేస్త్రీ'. కొళాయి దగ్గర మా పెద్దమ్మను, "ఏమక్కా, ఈ పొద్దు మీ ఆయన ఏం బొమ్మలుడికిచ్చినాడు?" అని అడిగేవాళ్లు. ఆమె ఇంటికొచ్చి ఆ కోపమంతా ఆయన మీద చూపించేది. నేను అక్కడే తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ వినేవాడిని. రేపు చెబుదాం అనుకునేవాడిని. ఇరవై రెండేళ్లు.

పోయిన నెల రంగుల పనివాళ్లంతా కలిసి పెదనాయనకు శాలువా కప్పారు. వేదిక మీద మాట్లాడినతను, "మన మేస్త్రీ చెయ్యి పట్టుకే కాదు, బొమ్మలకు కూడా నీళ్లు పోసిన చెయ్యి" అన్నాడు. హాలంతా నవ్వింది. పెదనాయన కూడా నవ్వాడు. నేను చప్పట్లు కొట్టలేకపోయాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, పెద్దమ్మ ముందే మొత్తం చెప్పేశాను. పెదనాయనకు ఇప్పుడు చూపు సరిగా లేదు, మంచం మీద కూర్చుని శాలువా అంచు వేళ్లతో తడుముతున్నాడు. ముందు పేలింది పెద్దమ్మే.

"ఓరి నీ మొగం మండ! ఇన్నేండ్లూ ఊరికే ఈ మనిషిని తిడితి కదరా నేను!" తర్వాత ఆయన వైపు తిరిగింది. "నువ్వన్నా నాకు చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు కొళాయి కాడ చెప్తావు," అన్నాడు పెదనాయన.

"చెప్తే ఏమవుతాదంట?"

"వాడు అప్పుడప్పుడే పని నేర్చుకుంటాండ. పని చెడగొట్టినాడని పేరు పడితే ఎవురిస్తారు వానికి పని? నేను అప్పటికే ముప్పై ఏండ్లు చేసినోన్ని. నవ్వుతారు, మల్లా నా కాడికే వస్తారు."

నేను ఈ సంగతి అందరికీ చెబుతానన్నాను. ఆయన శాలువా పక్కన పెట్టాడు. "చెప్పుకో. నీ మనసు తేలికయితాదంటే చెప్పుకో. ఆ పేరు మాత్రం తియ్యగాకురా. పక్కీదిలో పిల్లోళ్లు కూడా బొమ్మల తాతా అని పిలుస్తారు. అది తీసేస్తే నన్నెవురు పిలుస్తారు?"

పెద్దమ్మ ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. (ఆ తర్వాత నాకు కాఫీ ఇచ్చింది, చక్కెర లేకుండా. ఆమెకు కోపం ఇంకా ఉంది.)

ఒక మాట చెప్పడం మరిచాను. కొన్నేళ్లుగా నేను ఇలాంటి బొమ్మలకే రంగులు వేస్తున్నాను. గ్రాఫు పనులు కంప్యూటరుకు వెళ్లిపోయాక బెంగుళూరు, హైదరాబాదు ఆటగాళ్లు పంపుతుంటారు. నేల తుడిచే పైన్ నూనె మందులో ఒక రోజు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెత్తగా రుద్దితే ఫ్యాక్టరీ రంగు పొట్టులా ఊడి వస్తుంది, ప్లాస్టిక్కుకు ఏమీ కాదు. నిప్పు అక్కర్లేదు, కొప్పెర అక్కర్లేదు. ఆ సాయంత్రమే పెదనాయనకు ఇదంతా చెబితే శ్రద్ధగా విని, ఒక్కటే అడిగాడు.

"ముందు ఒకదాన్నేసి సూస్తావా?"

"ప్రతిసారీ సూస్తా పెదనాయనా."

"ఆ మొగం పోయినోడు ఉండాడా ఇంకా?"

జేబులోంచి తీసి ఇచ్చాను. ఇరవై రెండేళ్లుగా నా గ్రాఫు బల్ల సొరుగులో ఉన్నవాణ్ణి ఆ రోజు వెంట తెచ్చాను. ఆయన వేళ్లతో తడిమి చూశాడు. "వీనికి రంగెయ్యలేదేంరా?"

"మొగం ల్యాకపాయ కదా."

"తలపాగా సుట్టి, మొగానికి గుడ్డ కట్టు. మన ఎండలో అందరూ కట్టుకొనే పోతాండారు కదా."

ఇంటికి వచ్చి పైన్ నూనె గిన్నె ముందు కూర్చున్నాను. అలవాటుగా, ముందు వేసి చూడడానికి ఒకడి కోసం పక్కకు చెయ్యి చాపాను. ఎవరూ లేరు. ఆ పన్నెండు మందిలో ఒక్కడిని ముందు వేసి చూసుకుని ఉంటే సరిపోయేది. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఆ ఒక్కడే. నవ్వొచ్చింది. అప్పటి నేను, ఇరవై రెండేళ్ల ఆ కుర్రాడు, ఎదురుగా ఉంటే, చెవి మెలిపెట్టి, ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకునేవాడిని. సైన్యాధిపతిని మెల్లగా గిన్నెలోకి దించాను.