పైన నిలవని ఊరి పేరు

మా బంధువుల్లో పిల్లలకు ముత్తాతల పేర్లు పెట్టడం ఆచారం. దానివల్ల ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న మనిషి నర్సంపేటలో ఒకడు, మరిపెడలో ఒకడు ఉంటారు. ఫోన్ చేయాలంటే ముందు ఊరు చూసుకోవాలి. ఈ తికమక తీరుద్దామనే అందరి నంబర్లూ ఊళ్లవారీగా పెట్టి ఒక వెబ్ పేజీ కట్టాను.

నాకు ఎవరూ నేర్పలేదు. హనుమకొండలో రేడియోలు, టీవీలు బాగుచేసి బతికినవాణ్ణి. అరవై దాటాక వీడియోలు చూసి కోడ్ రాయడం పట్టుకున్నాను. "ఈ వయసుల నీకెందుకే?" అన్నవాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే. వేలితో పైకి జరుపుతుంటే మనుషుల పేర్లు జరిగిపోవాలి గానీ, ఊరి పేరు మాత్రం తెర పైఅంచున అతుక్కుని ఉండాలి. తరువాతి ఊరు వచ్చి నెట్టేదాకా కదలకూడదు. అది కుదిరిన రోజు కంప్యూటర్ ముందు ఒక్కణ్ణే చప్పట్లు కొట్టుకున్నాను.

తమ్ముడి భార్య, అంటే నా మరదలు, తన ఫోన్ తెచ్చి చూపించింది.

"బావా, జర సూడు. ఊరి పేరు పైన నిలుస్తలేదు. పేర్లతోని అదీ పోతాంది."

"నీ ఫోన్ ఏ కాలంది? పాత సామాన్లోనికెయ్యి, ఉల్లిగడ్డలన్న వస్తయి."

"గట్లనే తీ," అని నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ ఫోన్‌ను నేను చేతిలోకైనా తీసుకోలేదు.

మొన్న ఎండాకాలంలో మా వదిన పోయింది. ఆమె పుట్టిల్లు మరిపెడ. మా దగ్గర పెళ్లయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. అప్పటిదాకా శవాన్ని లేపరు. పొద్దుగూకితే ఆ రోజుకు ఇక లేపరాదు. వదిన తమ్ముడికి కబురు చేసే పని మరదలి మీద పడింది. ఏడుస్తూనే పేజీ జరిపి, మొదట కనబడిన అతని పేరు మీద నొక్కింది. "మీ అక్క పోయింది, చీర తీస్కొని జల్ది రాండ్రి" అని మెసేజ్ పెట్టేసింది.

మధ్యాహ్నం ఆటో దిగి, చీర గుండెకు అదుముకుని, "అక్కా!" అంటూ వాకిట్లోకి వచ్చినవాడు నర్సంపేట అతను. అతని అక్క మా పక్కింట్లోనే ఉండే చిన్నాయన కోడలు. పొద్దుటినుంచీ శవం పక్కన కూర్చుని ఏడుస్తోంది. తమ్ముణ్ణి చూసి లేచింది.

"ఓరి, నేను బతికే ఉన్న గదరా! ఆ చీర ఎవలికి తెచ్చినవ్?"

అతను ఆమె చేతులు, మొహం తడిమి చూసుకున్నాడు. కింద పడ్డ చీరను ఎవరూ ముట్టలేదు.

మరిపెడకు అప్పుడు ఫోన్ పోయింది. అందరం రోడ్డు వంక, పొద్దు వంక చూస్తూ కూర్చున్నాం. వదిన తమ్ముడు వచ్చేసరికి పొద్దు వాలి, ఎండ ఇంటి కప్పు మీదికి ఎక్కింది. చీర కప్పగానే పాడె ఎత్తారు. "జరసేపు అక్క దగ్గర కూసోనియ్యుండ్రి," అని అతను బతిమాలాడు. ఎవరూ ఆగలేదు.

"నాదే తప్పు. నేనే సరిగ సూస్కోలే," అంటూ మరదలు గోడకు ఆనుకుని నిలబడింది.

మర్నాడు ఆమె ఫోన్ అడిగి తీసుకున్నాను. ఫోన్లలో పేజీ పక్కకు ఊగుతోందని ఎవరో అంటే, పేర్లన్నీ పెట్టిన బయటి డబ్బాకు 'ఓవర్‌ఫ్లో హిడెన్', అంటే అంచు దాటింది దాచెయ్యమని, ఒక వరుస రాసి ఉన్నాను, చిన్న తెరలకు మాత్రమే. దాంతో ఊరి పేరు తెరకు కాక ఆ డబ్బాకు అతుక్కుంది. డబ్బా పైకి పోతే అదీ పోయింది. నేను కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా చూడలేదు. ఆ వరుస తీసేయగానే ఆమె ఫోన్లో మరిపెడ పైన నిలబడింది.

దినాల నాడు అందరి ముందూ చెప్పాను, తప్పు ఆమెది కాదు, నా పేజీది, ముందే చెప్పినా నేనే ఎగతాళి చేసి పంపించానని.

"పేజీది తప్పెట్లయితది కాకా? సూస్కొని చెయ్యాలె గద," అన్నాడు చిన్నాయన కొడుకు కొడుకు.

"మరదలిని ఎంత ఎనకేసుకొస్తాండు సూడుండ్రి," అంది ఒక ముసలమ్మ. "పెద్దమనిషంటే గట్లుండాలె."

అందరూ తలలూపారు. నాకు ఒళ్లు మండింది. "అరే, నేను చెప్పేది సక్కగినుండ్రి!" అని అరిచాను. అరిచినకొద్దీ వాళ్ల కళ్లలో ఇంకా మంచివాణ్ణయిపోయాను.

మరదలు విస్తరాకులు ఎత్తుతోంది. దగ్గరికి వెళ్లి, "నువ్వన్న చెప్పరాదా, ముందే నాకు చూపించినవని," అన్నాను.

"అప్పుడు నా మాట నువ్వే ఇనకపోతివి బావా, ఇప్పుడు వీళ్లింటరా?" అంటూ పక్క విస్తరాకు అందుకుంది.