దేవుని చెంబుకు కళాయి

పాప పోయాక కూడా గాజు తొట్టి మా నడవలోనే ఉంది. దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు, ఉంచమనీ అనలేదు.

ఆ తొట్టిని మా మరిది బెంగళూరు నుంచి తెచ్చాడు. అక్కడ ఫ్యాక్టరీలో పని అతనికి. అన్న కూతురి కోసమని బస్సులో ఒళ్లో పెట్టుకుని పావగడ దాకా, అక్కడి నుంచి ఇంకో బస్సులో మా ఊరికి మోసుకొచ్చాడు. నాలుగు ఎర్ర చేపలు, గడ్డిపోచల్లా పొడుగ్గా ఉండే నీటి మొక్కలు, ఆ మొక్కల వేళ్లను పట్టుకుని వచ్చిన నత్తలు. చేపలు ఎంతోకాలం నిలవలేదు. గాలి ఊదే మోటారు కరెంటు ఉన్నప్పుడే తిరిగేది, మా ఊళ్లో కరెంటు ఎప్పుడు ఉండేది గనక. పైగా ఇంటికి వచ్చినవాళ్లంతా చేపలకు శెనక్కాయ పప్పు నలిపి వేసేవాళ్లు. మా వైపు ఎవరి ఒళ్లో చూసినా అవే ఉండేవి. నీళ్లు తెల్లగా విరిగి, పైన నూనె తేలి, చేపలు వెల్లకిలా పడ్డాయి. మొక్కలూ నత్తలూ మిగిలాయి.

పాప ఏడవలేదు. "పోతే పోనీలేమ్మా. ఇవి సూడు, ఇల్లు ఎత్తుకోని తిరుగుతాండాయి," అంది.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాడు. ఎవరు ఏం చెప్పినా చెప్పినట్టు మనసులో పెట్టుకోవడం అప్పటి అలవాటు. మరిది చెప్పినవన్నీ అలాగే పెట్టుకున్నాను. నీళ్లన్నీ ఒకేసారి మార్చకూడదు. కొంచెం తోడేసి, ముందురోజు బకెట్లో నిలవబెట్టిన నీళ్లు పోయాలి. పసుపెక్కిన ఆకును మొదలుకంటా గిల్లేయాలి, లోపల కుళ్లనివ్వకూడదు. కిటికీ వెలుగు కావాలి గానీ ఎండ తగలకూడదు, తగిలితే గాజంతా పాచి. కాస్త పాచి ఉంటే మేలు, నత్తలు తింటాయి. అది చాలనప్పుడు ఉడికించిన ఆకుకూర ఒక రెమ్మ వేసి, తినగా మిగిలింది సాయంత్రానికి తీసేయాలి. మా బోరింగు నీళ్లలో సున్నం ఎక్కువ. బిందెల అడుగున తెల్లగా గడ్డకట్టేది. ఆ నీళ్లే తాగి మా ఊరి పిల్లల పళ్లకు గార పట్టింది, పెద్దవాళ్ల మోకాళ్లు వంగాయి. నత్తల చిప్పలు మాత్రం రాయిలా గట్టిపడ్డాయి.

వానలు లేని ఏళ్లవి. బోరింగు దగ్గర బిందెలు వరుసలో ఉండేవి.

"మనకు గొంతు తడుపుకునేదానికి ల్యాకుంటే, ఈయమ్మ పురుగులకు నీళ్లు మోస్తాది," అనేది పక్కింటామె.

"పురుగులు గాదు లేక్కా, అల్లుండ్లు. మర్యాదలు సేయల్ల గదా," అనేది వెనకనుంచి ఇంకొకామె.

నేనూ నవ్వేదాన్ని. తొట్టిలోంచి తోడిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోసేదాన్ని, చుక్క వృథా కాలేదు. అంత కరువులోనూ ఒక బిందె అటు ఇవ్వగలిగినందుకు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఆ ఎండాకాలం పాపకు జ్వరం వచ్చింది. హొసకోటకు తీసుకుపోయాం. డాక్టరు సూది వేశాడు, మందు ఇచ్చాడు, చేయగలిగింది చేశాడు. తగ్గలేదు. మా ఆయన రోజూ పూజ చేసి, రాగి చెంబులో తీర్థం తాగించేవాడు. చివరి రోజు పొద్దున కూడా తాగించాడు.

తర్వాత నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నన్ను చూసి ఏడ్చారు. విత్తనానికి కాయలు ఒలిచాను, రొట్టెలు కాల్చాను, ఎనుముకు గడ్డి వేశాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన మాట్లాడడం మానేశాడు. పొద్దున పూజ ముగించి తొట్టి ముందు కూర్చునేవాడు. ఒకసారి మాత్రం, నన్ను చూడకుండానే, "ఇవన్నా బతకాల," అన్నాడు.

అలా అన్నాకే నత్తలు చావడం మొదలైంది. కొన్ని నీళ్లు వదిలి గాజు అంచు దాకా పాకి అతుక్కున్నాయి. కొన్ని అడుగున చిప్పకు మూత వేసుకుని పడి ఉన్నాయి. చచ్చినవి వాసన కొట్టేవి. ఆయన వాటిని గరిటెతో తీసి కరివేపాకు చెట్టు కింద పూడ్చేవాడు. అప్పుడు ఆయన ముఖం చూడలేక లోపలికి పోయేదాన్ని. మొక్కలు పచ్చగానే ఉన్నాయి. నేను చేసేవన్నీ చేస్తూనే ఉన్నాను.

మరిది మమ్మల్ని చూడడానికి వచ్చాడు. తొట్టి చుట్టూ తిరిగాడు.

"నీళ్లు యాడివి వదినా?"

"ఎప్పుడూ పోసేవే, బోరింగువి. నిలబెట్టే పోస్తాండా."

"పైరుకు కొట్టే మందు డబ్బా ఏమన్నా ఈ బకెట్లో కడిగినారా?"

"మందు కొట్టేదానికి పైరు యాడుండాదప్పా?"

అప్పుడే మా ఆయన దేవుని గూడు దగ్గరినుంచి రాగి చెంబుతో వచ్చాడు. మాకు తలా ఒక ఉద్ధరిణి తీర్థం పోసి, మిగిలింది తొట్టిలో వంచాడు. కళ్లు మూసుకుని దానికి దండం పెట్టాడు. పాప పోయినప్పటినుంచీ రోజూ ఇలాగే చేస్తున్నాడు. వాళ్లన్న ఎనుము దగ్గరికి పోయేదాకా మరిది ఆగాడు.

"అది రాగిది గదా వదినా. రాత్రంతా దాంట్లో నిలిచిన నీళ్లు నత్తలకు ఇసం. తొట్టి అమ్మిన అంగడాయప్ప ఇచ్చేటప్పుడే సెప్పినాడు. నేను మీకు సెప్పేది మర్సిపోయినా. మనుషులకు ఏం గాదు. అన్నకు సెప్పేదా?"

"వద్దు," అన్నాను.

ఆ చెంబులో నీళ్లు విషమని వింటే, మనుషులకు ఏం కాదన్న మాట ఆయన చెవికి ఎక్కదు. చివరగా పాప నోట్లో పోసింది ఏమిటో ఆయనకు తెలుసు. తొట్టిలో పోయవద్దని ఎలా చెప్పను. ఆయన మనసుపెట్టి చేసే పని అదొక్కటే మిగిలింది.

మరిది వెళ్లాక, గిన్నెలకు కళాయి పూసే ముసలాయన వీధిలోకి వచ్చాడు. మా ఆయన చేనికి పోయి ఉన్నాడు. ఇత్తడి గిన్నెలతో పాటు చెంబునూ ఇచ్చాను.

"దేవుని చెంబుకు ఎవురన్నా కళాయి పూపిస్తారామ్మా? మీ సామి పులుసు గిలుసు అడుగుతాండాడా ఏమి?"

"లోపలంతా పూయి తాతా. యాడా ఎరుపు కనపడగూడదు."

ఆయన తిత్తి ఊది, నవసాగరం చల్లి, గుడ్డతో తగరం తిప్పాడు. చెంబు లోపల వెండిలా అయింది. కళాయి పోకుండా దాన్ని చింతపండుతో కాక బూడిదతో తోమి గూట్లో పెట్టాను. ఇక రాగి నీళ్లకు తగలదు. తొట్టిలో నీళ్లు రోజూ కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వచ్చాను. ఆయన రాత్రి పడుకోబోయే ముందు చీకట్లోనే చెంబు నింపేవాడు కాబట్టి గమనించలేదు.

కొన్నాళ్లకు ఒక పొద్దున పిలిచాడు.

"ఏమే, ఇట్లా రా. కిందికి దిగినాయి."

అంచుకు అతుక్కున్నవి ఆకుల మీద పాకుతున్నాయి. ఒకటి కొమ్ములు చాపి పాచి నాకుతోంది.

"దేవుని నీళ్లు పని సేసినాయి సూడు," అన్నాడు. ఎన్నాళ్లకో అన్ని మాటలు. నేను ఊ అని ఊరుకోవచ్చు. ఇంతలో ఆయన నా చేతిలో తీర్థం పోసి, చెంబును వెలుగుకు వంచాడు.

"ఇది లోపల తెల్లగుండాదేంది?"

చేతిలో తీర్థం పెట్టుకుని అబద్ధం ఆడలేకపోయాను.

"కళాయి పూపించినా. నత్తలకు రాగి పడదంట. మరిది సెప్పినాడు."

ఆయన చెంబు లోపల వేలితో రాసి చూశాడు.

"పాపకు గూడా దీంట్లోవే తాపినా."

"మనమూ తాగినాం. మామ పండు ముసిలి అయ్యేదాకా దీంట్లోవే తాగె. మనిషికి ఏం గాదు."

"పాప తాగలేదులే. గొంతు దిగలేదు, పక్కనించి కారిపోయింది. నేనే తుడిసినా." చెంబు కింద పెట్టి, "అప్పుడు నువ్వు యాడుంటివి?" అన్నాడు.

"గంజి కాస్తాంటి."

ఆ తర్వాత ఆయన పాప గురించి చెబుతూనే ఉన్నాడు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. నేను గోడకు ఆనుకుని విన్నాను. ఇద్దరికీ కన్నీళ్లు రాలేదు. ఎనుము అరిస్తే లేచి పోయాడు. ఆ చివరి పొద్దున పాప గడ్డం తుడవడానికి ఒక చెయ్యి ఉందన్న సంగతి నాకు అంతవరకూ తెలియదు. అందుకు దేవుడికి దండం పెట్టి, పొయ్యి రాజేశాను.