మావయ్య మారువేషం వేయించిన కేసు

మొన్న ఆదివారం పొద్దున్నే మా మనవరాలు హాల్లో కంప్యూటరు ముందు కూర్చుని, చెవుల్లో ఏవో పెట్టుకుని, పరీక్షకు చదివే పిల్లలా గబగబా రాసుకుంటూ ఉంటే, ఉద్యోగంలో చేరింది కదా, ఇంకా ఈ చదువేమిటా అని నాకు సందేహం వచ్చింది. తను విజయవాడలో కౌన్సిలరు. మనసు బాగోలేని వాళ్ళు వచ్చి చెప్పుకుంటే ఓపిగ్గా విని, దారి చూపించే పని. ఆ పనిలో ఉన్నవాళ్ళు ఏటా కొన్ని క్లాసులు విని తీరాలట. ఆ రోజు క్లాసేమో గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులు సలహాకు వచ్చినప్పుడు వాళ్ళను చిన్నబుచ్చకుండా, మార్చేద్దామని చూడకుండా, ఉన్నవాళ్ళను ఉన్నట్టుగా ఒప్పుకుని ఎలా మాట్లాడాలన్నదట. కాఫీ ఇచ్చే నెపంతో నేనూ పక్కన కుర్చీ వేసుకుని కాసేపు విన్నాను. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు అది నావైపు తిరిగి, మీ కాలం డాక్టర్లకు ఇలాంటి క్లాసులు ఎక్కడుంటాయిలే అమ్మమ్మా అన్నట్టు ఒక జాలి చూపు చూసింది. నాకు రోషం వచ్చింది. ఎందుకుండవు, మాకూ ఉండేవి, పైగా మా క్లాసుల్లో పెసరట్టు ఉప్మా కూడా పెట్టేవారు అని చెప్పాను.

నా ఈడు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు గానీ, డెబ్బైల చివర్లో జగ్గయ్యపేటలో డాక్టరంటే పురుళ్ళకూ, జ్వరాలకూ, తేలుకాట్లకూ, రోడ్డు మీద లారీ తగిలిన దెబ్బలకూ అన్నిటికీ ఒకే డాక్టరు. మా అమ్మకు తమ్ముడు, నాకు మావయ్య, అలాంటి డాక్టరే. నేను గుంటూరులో చదువు ముగించుకుని వచ్చీ రాగానే, ఇక నీకు వేరే ఉద్యోగమెందుకని తన ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి, పురుళ్ళన్నీ నాకు అప్పగించి, కబుర్లన్నీ తను ఉంచుకున్నాడు. మందు సగం, మాట సగం అన్నట్టు ఉండేది ఆయన వైద్యం. రోగి చొక్కా గుండీలు పెట్టుకునేలోపే వాళ్ళింట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో ఆయనకు తెలిసిపోయేది.

చుట్టుపక్కల డాక్టర్లందరం నెలకో ఆదివారం కలుసుకునేవాళ్ళం, ఒక నెల మా పేటలో, ఒక నెల నందిగామలో. కొత్త మందులూ కొత్త పద్ధతులూ తెలుసుకోవడానికని పేరు. బెజవాడ నుంచో గుంటూరు నుంచో ఒక స్పెషలిస్టు వచ్చి ఉపన్యాసం ఇచ్చేవాడు. మందుల కంపెనీ కుర్రాడు స్లైడ్ల మిషను మోసుకొచ్చేవాడు, అది వెలిగించగానే కరెంటు పోయేది, స్పెషలిస్టు పాపం గాల్లో చేతులతో కాలేయం బొమ్మ గీసి చూపించేవాడు. నందిగామలో మీటింగు జరిగే ఇంటి డాక్టరు గారి భార్య పెసరట్లకు మా ప్రాంతంలో పేరుండేది. వంటింట్లోంచి అల్లప్పచ్చడి ఘుమఘుమ మొదలయ్యాక ఎంత గొప్ప ఉపన్యాసమైనా మాకు చెవికెక్కేది కాదు. అక్కడ ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు, మా అందరికంటే సీనియరు, మొదటి స్లైడుకే నిద్రలోకి జారుకుని, పెనం మీద పిండి చుయ్యిమన్నప్పుడు కళ్ళు తెరిచి, చాలా బాగా చెప్పారండీ అని మెచ్చుకునేవారు.

ఉపన్యాసం అయ్యాక ఎవరికి వాళ్ళం మా కష్టమైన కేసులు చెప్పి సలహా అడిగేవాళ్ళం. రోగి పేరు చెప్పకూడదని నియమం. కానీ మావి ఎంత ఊళ్ళు కనుక? ఒకానొక రోగి, వయసు అరవై, కొంచెం కుంటుతాడు, మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు అని మొదలుపెట్టగానే మూడు వైపుల నుంచీ, ఆహా ఆయనా, ఇప్పుడెలా ఉన్నాడండీ, కూతురి పెళ్ళి కుదిరిందా అని పరామర్శలు వచ్చేవి. పేరు దాచి లాభం లేదని, మనిషినే గుర్తుపట్టకుండా ఊరూ వృత్తీ మార్చి చెప్పడం మావయ్య మొదలుపెట్టాడు. దానికి మేం పెట్టుకున్న పేరు మారువేషం. ఆ మారువేషం వల్లే మా ఇంట్లో ఒక పెద్ద గండం గడిచింది.

గండం మా పెద్దమ్మ కొడుకుది, అంటే మావయ్యకు సొంత మేనల్లుడు, నాకు అన్నయ్య. నందిగామ హైస్కూల్లో లెక్కల మాస్టారు. అక్కడే రేడియోలు బాగుచేసే ఒక స్నేహితుడితో కలిసి రెండు గదుల వాటా అద్దెకు తీసుకుని ఉండేవాడు. శనివారం సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి పేటకు వచ్చారంటే మా వీధిలో పలకని రేడియోలన్నీ పెద్దమ్మ వాళ్ళ అరుగు మీదకు చేరేవి. ఆ స్నేహితుడు తలవంచుకుని మాట్లాడేవాడు, గోంగూర పప్పు మాత్రం మా అమ్మకంటే బాగా చేసేవాడు. అతని చేతికి ఏదిచ్చినా పలుకుతుందని పెద్దమ్మ మురిసిపోయేది. కంచికచర్ల నుంచి మంచి సంబంధం వచ్చేదాకా అంతా సవ్యంగానే ఉంది. ఈ వేసవి కాదు వచ్చే వేసవి అంటూ దాటేసుకుంటూ వచ్చిన అన్నయ్య, ఇక దాటేయడానికి వేసవులు మిగలక, ఒకరోజు తల్లి దగ్గర కూర్చుని ఉన్నమాట చెప్పేశాడు. తనకు ఆడవాళ్ళ మీద మనసు లేదనీ, ఎప్పుడూ లేదనీ, తను బతకాలనుకుంటున్నది ఆ స్నేహితుడితోననీ.

మిట్టమధ్యాహ్నం ఎండలో, పెరటి గుమ్మంలోంచి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పెద్దమ్మ ఆసుపత్రికి రావడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. “తమ్ముడూ, ఊరందరికీ నయం చేస్తావు, నీ మేనల్లుడికి చెయ్యలేవా?” అని ఒకటే ఏడుపు. పట్నంలో ఇలాంటి వాళ్ళకు కరెంటు షాకులు పెట్టి నయం చేస్తారని ఎవరో చెప్పారట, ముహూర్తాలు పెట్టుకునేలోపే తీసుకెళ్ళమని పట్టు పట్టింది. పెదనాన్న నోట్లో నాలుక లేని మనిషి, ఆవిడ వెనకాల నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. సాయంత్రం అన్నయ్య వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అమ్మ ఏడుపు చూడలేకపోతున్నా మావయ్యా, ఏం పెట్టించాలో పెట్టించండి, వస్తా అన్నాడు. వాడు ఒప్పుకున్నందుకే నాకు భయం వేసింది. వద్దని పోట్లాడి ఉంటే అంత భయం వేసేది కాదు.

మావయ్య తన చదువు రోజుల నాటి లావుపాటి పుస్తకం దుమ్ము దులిపి తీశాడు. అందులో అది జబ్బేనని ఉంది, దాని గురించి ఒక పేరా కంటే ఎక్కువ లేదు. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, ఈ పుస్తకం కొన్నప్పుడు నాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు, ఇది చూసి పిల్లాడికి కరెంటు పెట్టించమంటావా అమ్మాయ్ అని నన్ను అడిగాడు. తనకు తెలియదని ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆదివారం నందిగామ మీటింగుకు బెజవాడ నుంచి ఒక మానసిక వైద్యుడు వస్తున్నాడు, అడిగి చెప్తాను, అప్పటిదాకా ఆగక్కా అని పెద్దమ్మను బతిమాలాడు.

ఆదివారం కారులో వెళ్తూ మావయ్యా నేనూ అన్నయ్యకు మారువేషం కట్టాం. నందిగామలో వాణ్ణి ఎరగని డాక్టరు లేడు కనుక ఈసారి మామూలు వేషం చాలదు. ఉద్యోగం తీసేసి మిరప వ్యవసాయం అంటగట్టాం. ఊరు చందర్లపాడు వైపుకు మార్చాం. స్నేహితుణ్ణి రేడియోల దగ్గర్నుంచి లేపి పాల కేంద్రంలో కూర్చోబెట్టాం. అన్నయ్య గొంతు విప్పితే గేదెలు బెదిరేవి కాబట్టి, ఎవరికీ అనుమానం రాకుండా వాడికి హార్మోనియం కూడా నేర్పించాం. ఆ దిగుల్లోనూ ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

వచ్చిన మానసిక వైద్యుడు సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. నిద్ర పట్టకపోవడం గురించి చెప్పి కూర్చోబోతుంటే మావయ్య లేచి మా హార్మోనియం రైతు కథ మొదలుపెట్టాడు.  ఎవరో ఒకరు గుర్తుపట్టి పరామర్శించడం మామూలు కదా, ఆ రోజు ఒక్కరూ నోరు మెదపలేదు. బెజవాడ డాక్టరు గారు మాత్రం తొణక్కుండా, దాన్ని ఇప్పుడు పై దేశాల పెద్ద డాక్టర్లు జబ్బుల్లోంచి తీసేశారండీ, నేను చదువుకునే రోజుల్లో కరెంటు పెట్టగా చూశాను, మనసు ఉన్నచోటే ఉంది, మనిషి మాత్రం బెదిరిపోయి చిక్కిపోయాడు, అతనికి ఇవ్వాల్సిన మందేమీ లేదు, ఇంట్లోవాళ్ళకు ధైర్యం చెప్పండి చాలు అన్నారు. ఎవరో వెనక నుంచి, పెళ్ళి చేస్తే సర్దుకోడంటారా అని అడిగారు. “సర్దుకోవాల్సింది ఆ వచ్చిన పిల్లండీ, పాపం,” అన్నారాయన.

తర్వాత టిఫిన్ల దగ్గర జరిగింది మేం కలలో కూడా ఊహించనిది. కంచికచర్ల డాక్టరు గారు పళ్ళెం పట్టుకుని మావయ్యను కిటికీ దగ్గరకు లాక్కెళ్ళి, “మా బావమరిది హార్మోనియం సంగతి మీకెవరు చెప్పారండీ?” అని గుసగుసగా అడిగారు. మావయ్య తేరుకునేలోపే మొదటి స్లైడుకే నిద్రపోయే మన పెద్ద డాక్టరు గారు, ఆ రోజు రెప్ప కూడా వాల్చలేదని నేను అప్పుడే గమనించాను, మావయ్య మోచెయ్యి పట్టుకుని, మావాణ్ణి ఇక పెళ్ళి చేసుకోమని వేధించనండీ, మీరు మాత్రం ఎక్కడా అనకండి అన్నారు. నేను చేతులు కడుక్కుంటుంటే నాకంటే సీనియరు అయిన లేడీ డాక్టరు పక్కన నిలబడి, కుళాయి కట్టేయకుండానే, “మగపిల్లాడి కేసుగా మార్చి చెప్పారు, మంచి పని చేశారమ్మా. మా చెల్లెలి పేరు బయటికి రాలేదు,” అంది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. ఎవరిని ఎవరూ గుర్తుపట్టకూడదని అంత కష్టపడి మేం కట్టిన వేషంలో ఎవరికి వాళ్ళకు తమ ఇంటి మనిషే కనిపించాడు. కాదండీ, ఇది మా అన్నయ్య అని మేం చెప్పలేదు. వాళ్ళ గుట్టు మాకు తెలుసనుకున్నారు, అలాగే ఉండనిచ్చాం.

కారు పేటకు రాగానే మావయ్య ఇంటికి కూడా పోకుండా తిన్నగా పెద్దమ్మ దగ్గరకు వెళ్ళాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పాడు. అంతా విని ఆవిడ, నువ్వు ఎన్నయినా చెప్పు, నలుగురూ ఏమనుకుంటారురా అంది. “ఆ నలుగురిలో ముగ్గురితో ఇవాళే మాట్లాడొచ్చామక్కా. వాళ్ళిళ్ళల్లోనూ ఉంది,” అన్నాడు మావయ్య. ఎవరని ఆవిడ అడిగింది, ఆయన చెప్పలేదు.  ఆ వారంలోనే ఆవిడ కంచికచర్ల వాళ్ళకు, మా అబ్బాయికి పెళ్ళి ఆలోచన లేదు, మీ పిల్లకు వేరే చూసుకోండని తనే కబురు పంపి, వాళ్ళు అన్న మాటలన్నీ తనే పడింది. కరెంటు మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ మనసు మాత్రం కుదుటపడలేదు. అన్నయ్య వస్తే అన్నం పెట్టేది, స్నేహితుడి ఊసు ఎత్తేది కాదు, అతను రావడం మానేశాడు. మా వీధి రేడియోలు మళ్ళీ మూగపోయాయి.

ఎనభైలో నా పెళ్ళి కుదిరింది. ఆ రోజుల్లో పెళ్ళి పిలుపంటే ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చి రావడం కదా. అమ్మా, పెద్దమ్మా, నేనూ కుంకుమ భరిణ పట్టుకుని నందిగామ చుట్టాలను పిలవడానికి వెళ్ళాం. అన్నయ్యను ప్రత్యేకంగా పిలిచేదేముంది, ఇంటి మగపిల్లాడు, ఆ స్నేహితుడికి పైవాళ్ళకు ఇచ్చినట్టే ఒక శుభలేఖ అన్నయ్య చేత పంపిద్దాం అని అమ్మ అనుకుంది. అందరి ఇళ్ళూ అయ్యాక పెద్దమ్మ రిక్షా వాడికి స్కూలు వెనక వీధి చెప్పింది. ఆవిడ ఆ గడప తొక్కడం అదే మొదలు. లోపల ఇద్దరూ బిత్తరపోయి నిలబడ్డారు. ఆడవాళ్ళు లేని ఇంట్లో బొట్టు ఎవరికి పెట్టాలో తెలియక అమ్మ భరిణ పట్టుకుని అలాగే ఆగింది. పెద్దమ్మ ఆ భరిణ తీసుకుని కొడుకు నుదుట బొట్టు పెట్టింది, తర్వాత ఆ అబ్బాయి నుదుట పెట్టింది. అమ్మ సంచిలోంచి రెండు శుభలేఖలు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపి, ఇద్దరి మధ్యా ఒక్కటే పెట్టింది. “ఒక ఇంటికి ఒకటే ఇస్తారే. ఇద్దరూ కలిసి రండి బాబూ, రెండు రోజులు ముందే రండి,” అంది. ఆ స్నేహితుడు చంటిపిల్లాడిలా ఏడ్చేశాడు. నా పెళ్ళిలో మైకు సెట్టంతా అతనే చూసుకున్నాడు, ఒక్కసారి కూడా కుయ్యిమనలేదు.

తర్వాత వాళ్ళిద్దరూ ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లోనే హాయిగా ఉన్నారు, ఏ శుభకార్యానికైనా వాళ్ళింటికి ఒక శుభలేఖ వెళ్ళేది. ఇది రాసుకో, హార్మోనియంతో సహా రాసుకో అని అన్నయ్య పోయే ముందు నవ్వుతూ చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు పిలుపులన్నీ ఫోన్లోనే వస్తున్నాయి, ఎవరి గడపా ఎవరూ తొక్కడం లేదు. దానికి బదులు, ఆ రోజుల్లో మేం పళ్ళెం చాటున గుసగుసలాడిన మాటను ఈనాటి పిల్లలు క్లాసు పెట్టి, గొంతెత్తి, పేరు పెట్టి చెప్పుకుంటున్నారు. నాకు ఇదే బాగుందనిపిస్తుంది. ఎందుకంటే ఆ ఆదివారం నందిగామలో నాలుగిళ్ళ వాళ్ళం ఒకే గదిలో, ఒకే దిగులుతో కూర్చుని పెసరట్లు తిన్నాం, మా ఇంట్లోనూ ఉందండీ అన్న ఒక్క మాట ఎవరికీ చెప్పకుండా లేచి వచ్చేశాం. మా అన్నయ్య దగ్గరకు వాళ్ళమ్మ కుంకుమ భరిణ పట్టుకుని వెళ్ళింది. మిగతా ముగ్గురి దగ్గరకూ ఎవరైనా వెళ్ళారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.