చెత్త బండి మీద మా పాట

నాలుగు నిమిషాల పాట పంపితే చిటికెలో ‘సూపర్’ అని మెసేజ్ పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పాట ఇంకా డౌన్‌లోడే కాలేదు, సూపర్ ఎక్కడి నుంచి ఊడిపడింది? మా ఆడబిడ్డ అయితే దండం పెట్టే బొమ్మ పంపింది. అది మెచ్చుకోవడమో, ఇక చాలు వదిలేయమని వేడుకోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

మా బ్యాండు అంటే ముగ్గురం. పాట రాసేదీ పాడేదీ నేను. నా ఉద్యోగం పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్. మరిది కీబోర్డు వాయిస్తాడు, వాడి దోస్తు ప్యాడ్ కొడతాడు. ఇద్దరూ భానూర్ దిక్కు ఒక వర్క్‌షాపులో పనిచేస్తారు. ముగ్గురి షిఫ్టులూ కలిసిన పొద్దున, పోతిరెడ్డిపల్లిలో మా పడకగదే స్టూడియో. కిటికీకి బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, ఫోనును దిండుకు ఆనించి రికార్డు చేస్తాం. చెమట కళ్లల్లోకి కారుతుంటే ఆపకుండా రాగం తీయడం ఎంత కష్టమో తీసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ పాట అన్నం డబ్బా గురించి. మొదటి చరణంలో ఒకామె పొద్దున్నే లేచి మొగుడికి డబ్బా కడుతుంది. పప్పు, బెండకాయ, మీద మామిడికాయ తొక్కు. అంతా హుషారు. రెండో చరణంలో రాగం మెల్లగా దిగుతుంది. సాయంత్రం ఆ డబ్బా మూత తీయకుండానే తిరిగి వస్తుంది. అక్కడితో పాట అయిపోతుంది. ఆ రెండో చరణం మీదే నా ప్రాణమంతా.

ఆ రోజు గొంతు కూడా బ్రహ్మాండంగా పలికింది. సరిగ్గా పల్లవి చివర వంటింట్లో కుక్కర్ సీటీ కొట్టింది. అదేమైనా చిన్న సీటీనా, బొంతలు దాటుకుని వచ్చి పాటలో కూర్చుంది.

“అత్తమ్మా! జెర స్టవ్ బంద్ జెయ్యరాదూ!” అని అరిచాను.

“నీ పాట కోసం పప్పు ఉడకద్దా ఏంది? సీటీ మంచిగనే ఉన్నది, ఉండనీ” అంది అత్తమ్మ, గడప దాటకుండానే.

మళ్లీ పాడదామంటే ప్యాడ్ కొట్టేవాడికి షిఫ్టు బస్సు టైమైంది. సీటీతోనే పాట బయటికి పోయింది. మరిది దాన్ని ఫోనులో ఉన్న ప్రతి నంబరుకూ, ప్రతి గ్రూపుకూ పంపాడు. నాకు కావలసింది మాత్రం ఒక్కటే. చుట్టం కాని మనిషి ఒక్కరు, ఒకే ఒక్కరు, ఆ పాటను చివరిదాకా విని ఏదో ఒకటి అనాలి. తిట్టినా సరే. మా ఆయన విన్నాడు, క్రికెట్ మీది నుంచి కళ్లు తీయకుండా బాగుందన్నాడు. అది లెక్కలోకి రాదు.

తర్వాత ఒక పొద్దున నేను బియ్యం కడుగుతుంటే వీధిలోంచి నా గొంతు నాకే వినిపించింది. లౌడ్‌స్పీకర్‌లో! చేతులు తుడుచుకోకుండానే బయటికి ఉరికాను. మూల మలుపు తిరిగి చెత్త బండి వస్తోంది. దాని నెత్తి మీది స్పీకర్‌లో నేను పాడుతున్నాను.

“ఏంది తమ్మీ ఇది?” అని డ్రైవర్‌ను అడిగాను. బండి రాకపోతే అడగడానికని అతన్ని కూడా మా కాలనీ గ్రూపులో కలిపి ఉంచారు.

“మీ పాటే అక్కా. పాతది పెన్‌డ్రైవ్‌ల ఖరాబైంది. గిది మస్తు పనిచేస్తున్నది.”

“పాట అంత నచ్చిందా?”

“సీటీ అక్కా, సీటీ! గది ఇనవడంగనే అందరు తమ కుక్కరే అనుకొని వంటింట్లకు ఉరుకుతున్నరు. ఆడ బకెట్ కనవడతది, యాదికొస్తది. పాత పాటకు గింత జల్దీ ఎవ్వరు వచ్చేటోళ్లు కాదు.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్తమ్మకు మాత్రం ఆ అనుమానమేమీ లేదు. “గా సీటీ మాదే” అని వీధి వీధంతా చెప్పుకుంది.

వినాయక చవితికి కాలనీ మండపంలో భజనకూ మ్యూజికల్ చైర్స్‌కూ మధ్య మాకు ఒక పాట ఇచ్చారు. ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుని మైకు పట్టుకున్నాను. పల్లవి ఎత్తుకోగానే ముందు వరుసల్లో ముఖాలు వెలిగాయి. గుర్తుపట్టారు! నా పాటను జనం గుర్తుపట్టారు! గుండె పొంగిపోయింది. అంతలో మూడో వరుసలో ఒకామె లేచి, చెప్పులు వేసుకుని, గబగబా ఇంటికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో నీలం బకెట్. ఆమెను చూసి ఇంకో ఇద్దరు లేచారు. పండగ పూట సాయంత్రం చెత్త బండి ఎందుకు వస్తుందని ఒక్కరికైనా తట్టాలి కదా!

“గిది చెత్త బండి పాట గదా!” అన్నాడు వెనక నుంచి ఒకాయన. “కాపీ కొట్టిన్రేంది? సొంతంగ ఒకటి కట్టుకోరాదూ?”

“కొడితే కొట్టిన్రు, సీటీ ఎందుకు తీసేసిన్రు? సీటీ లేకుంటే మజా లేదు” అంది బకెట్ ఆమె.

అత్తమ్మ దిగ్గున లేచింది. “కాపీ ఏంది కాపీ? సీటీ మాది! కావాలంటే వచ్చి మా కుక్కర్ సూడున్రి!”

మండపమంతా గొల్లుమంది. నాకు కోపం నషాళానికి అంటింది. మైకు స్టాండుకు తగిలించి, మరిదిని రమ్మని, మెట్లు దిగిపోతున్నాను. కళ్లల్లో నీళ్లు ఆగడం లేదు.

చేతిలో పులిహోర ప్లేటుతో చెత్త బండి డ్రైవర్ అడ్డం వచ్చాడు. “అక్కా, జెర ఆగు. రెండో చరణం పాడవా?”

“రెండో చరణం ఉన్నదని నీకెట్ల ఎరుక?”

“గల్లీలల్ల ఇంటింటికి ఆపుడు, మల్ల మొదటి నుంచి పెట్టుడు. గందుకే వీళ్లకు మొదటిదే ఎరుక. బండి నిండినంక డంపు యార్డు దాక నేను మొత్తం పాట ఇంట. రోజూ ఇంట.” ప్లేటు పక్కన పెట్టి కొంచెం మొహమాటపడ్డాడు. “ఒక్కటి అడుగుత, ఏమనుకోకు. ఆయన డబ్బా ఎందుకు తెరవలే? పానం మంచిగ లేకుండెనా? కంపెనీల ఏమన్న అయ్యిందా? చెప్పకుంటనే పాట బంద్ జేసిన్రు. రోజూ గదే పరేషాన్.”

నిజం చెప్పాలంటే, పై వరుసలో ‘రాలేదు’ ఉంది కదా, ప్రాస కుదిరిందని కింద ‘తెరవలేదు’ అని రాశాను. ఆ మొగుడికి ఏమైందో నేను ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఈయన మాత్రం బండి నిండా చెత్త వేసుకుని, వాడి గురించి బెంగపెట్టుకుని తిరుగుతున్నాడు. సిగ్గేసింది, సంతోషంతో ఒళ్లు జల్లుమంది, రెండూ ఒక్కసారే.

“ఆయనకేం కాలేదు తమ్మీ” అన్నాను.

“మరెందుకు తినలే?”

“అదీ... పాడి చెప్త.”

వెనక్కి పోయి రెండో చరణం పాడాను. ఈసారి ఎవరూ లేవలేదు. పాట అయ్యాక బకెట్లు ఒళ్లో పెట్టుకుని కొట్లాట మొదలుపెట్టారు. పెళ్లాంతో లొల్లి అయ్యి ఉంటదని ఒకరు, లేదు, క్యాంటీన్‌లో బిర్యానీ పెట్టి ఉంటారని ఒకరు. మ్యూజికల్ చైర్స్ వాళ్లు వచ్చి తరిమేదాకా అదే గోల.

పాడి చెప్తానని మాటిచ్చాను కదా, మూడో చరణం రాశాను. కంపెనీలో ఒక బిహారీ కార్మికుడికి బిడ్డ పుట్టింది. ఆ దావత్‌లో మొగుడు కడుపు పగిలేలా తిన్నాడు. నిండు డబ్బాను ఒళ్లో పెట్టుకుని, పెళ్లాం ఏమంటుందోనని బస్సులో వణుకుతూ వచ్చాడు. రికార్డింగ్ రోజు నేనే అత్తమ్మను బతిమాలి కుక్కర్ పెట్టించాను. పల్లవిలో రావలసిన సీటీ రాలేదు. ఆ దరిద్రపు కుక్కర్, మొగుడు తప్పు ఒప్పుకునే చోట కొట్టింది. ఉండనీ అన్నాను.

పాటను మొదట పంపింది డ్రైవర్‌కే. మర్నాడు బండి మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. ఇంజిన్ కూడా బంద్ చేశాడు. ఆడవాళ్లు బకెట్లతో చుట్టూ చేరి “జల్దీ కానీ, పనులున్నయ్” అని గొణుగుతుంటే చెయ్యెత్తి ఆపాడు. మూడు చరణాలూ, సీటీతో సహా, అందరికీ వినిపించాడు.

“తిన్నడన్నట్టు” అన్నాడు నా వైపు తిరిగి.

“తిన్నడు తమ్మీ.”

“ఇగ బేఫికర్” అని బండి స్టార్ట్ చేసి వెళ్లిపోయాడు. ఒక్క బకెట్ కూడా తీసుకోలేదు. వీధి వీధంతా కేకలేసుకుంటూ బండి వెనక ఉరికింది. నేను మాత్రం నిండు బకెట్ పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డాను.